బీపీ పట్టీ బిగిసినా నొప్పే: ఒక కేసు, దాని వెనక బాల్యం

ఆమె ఫైలులో నా చేతిరాతతో ఉన్న మొదటి వాక్యం ఇది: "బీపీ పట్టీ 90 దగ్గరే నొప్పి. చెయ్యి లాక్కుంది."

సిస్టర్ పట్టీ చుట్టి గాలి కొడుతోంది. నేను పక్కన కూర్చుని పాత రిపోర్టులు తిరగేస్తున్నాను. "అమ్మా" అని వినిపించి తలెత్తితే, ఆమె ఎడమ చెయ్యి ఒళ్లో దాచుకుని ఉంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. సిస్టర్ నా వైపు ఒక చూపు చూసింది. బీపీ చూస్తేనే ఇంత చేస్తుందేమిటి అన్న చూపు అది. తొమ్మిదేళ్లుగా ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ చూపే ఎదురైందని ఆమె నాకు తర్వాత చెప్పింది.

నేను మత్తు డాక్టర్‌గా పదకొండేళ్లు చేసి, ఆ తర్వాత నొప్పి వైద్యంలోకి వచ్చాను. నారాయణగూడలో చిన్న క్లినిక్. ఈ కేసు రాస్తానంటే ఆమె ఒప్పుకుంది. రాశాక చదివి వినిపించాను కూడా. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. లక్షణాలు, పరీక్షలు, మందులు, మా మధ్య నడిచిన మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. నేను చేసిన తప్పు కూడా.

చీర కవర్ నిండా రిపోర్టులు

వయసు 39. సొంతూరు పాలమూరు వైపు, ఉండేది ముషీరాబాద్ దగ్గర. ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, చీరలకు ఫాల్, పీకో చేస్తుంది. భర్త ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తాడు. పదమూడేళ్ల కూతురు ఉంది.

తొమ్మిదేళ్ల కిందట పొత్తికడుపు నొప్పితో మొదలైంది. స్కానింగ్‌లో పెద్దగా ఏమీ లేదు. అయినా ఒక నర్సింగ్ హోమ్‌లో "పాప పుట్టింది కదా, ఇంక అది ఎందుకు" అని 32 ఏళ్లకే గర్భసంచి తీసేశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి ఆపరేషన్లు దేశం మొత్తం మీద ఎక్కువగా కనిపించేది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. నొప్పి పోతుందన్న ఆశతో గర్భసంచి తీయించుకుని, నొప్పిని మాత్రం అలాగే మోసుకుంటూ వచ్చే ఆడవాళ్లను నేను తరచుగా చూస్తాను. ప్రతిసారీ మనసు కష్టంగా ఉంటుంది.

ఆపరేషన్ తర్వాత నాలుగు నెలలు బాగానే ఉందట. తర్వాత నడుము పట్టుకుంది. అక్కడి నుంచి మెడ, భుజాలు, దవడ, చివరికి అరికాళ్లు. ఆమె మాటల్లోనే చెప్పాలంటే: "పొద్దున గుంజుతది, మధ్యాహ్నం సలుపుతది, రాత్రి మంట మంట అయితది. ఒళ్లంత పచ్చిపుండు లెక్క." నొప్పిని పదిలో ఎనిమిది అంది. నిద్ర నాలుగు గంటలు, అదీ ముక్కలు ముక్కలుగా. గాజులు మానేసింది. ఎక్కించుకోవడానికి చెయ్యి నొక్కితే ఆ నొప్పి సాయంత్రం దాకా పోదు.

రెండేళ్ల కిందటి ఎంఆర్ఐలో నడుము దగ్గర ఒక డిస్క్ కొంచెం ఉబ్బి ఉందని రాశారు. దాన్ని చూసిన ఒకరు "డిస్క్ జరిగింది, వంగితే కాళ్లు పడిపోతాయి" అన్నారు. ఆ ఒక్క మాట ఆమెను ఎంత కట్టిపడేసిందో చెప్పలేను. ఆ రోజు నుంచి ఊడ్వడం లేదు, బిందె ఎత్తడం లేదు. కుట్టేటప్పుడు బాబిన్ కింద పడితే కూతుర్ని పిలుస్తుంది. నడుముకు బెల్టు, మెడకు పట్టీ. నడుం నొప్పి అసలు లేనివాళ్ల స్కాన్‌లను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. ఇరవై ఏళ్లవాళ్లలో నూటికి 30 మందికి, నలభై ఏళ్లవాళ్లలో సగం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. వాళ్లెవరికీ నొప్పి లేదు. ఈ అంకెలు ఎంఆర్ఐ రిపోర్టు కిందే అచ్చు వేయాలని నాకు అనిపిస్తుంది.

రోజూ మెడికల్ షాపులో కొనుక్కునే నొప్పి మాత్ర డైక్లోఫెనాక్, ఏడాదిగా అంతకంటే గట్టిదైన ట్రమడాల్, కడుపు మంటకు మరో మాత్ర. రక్తపరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి. థైరాయిడ్ సరిగానే ఉంది, వాపు సూచించేవి లేవు, కీళ్లవాతం లేదు. విటమిన్ డి తగ్గితే అంతకుముందే సరిచేశారు. చివరిగా చూసిన డాక్టర్ "నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపించారు.

"ఏం లేదంటే నేను అబద్ధం చెప్తున్ననా మేడం?" అని అడిగింది. లేదన్నాను. ఆ రోజు నేను చేసిన పనుల్లో సరైనది బహుశా అదొక్కటే.

పరీక్షలో కనిపించినవి

బొటనవేలితో నొక్కి చూశాను. గోరు తెల్లబడేంత ఒత్తిడి, అంటే సుమారు నాలుగు కిలోలు. మెడ వెనక, మోచేతుల దగ్గర, మోకాలి లోపలి వైపు, ఎక్కడ నొక్కినా ముఖం ముడుచుకుపోయింది. తర్వాత మొద్దు మొన ఉన్న చిన్న పుల్లతో ముంజేతి మీద ఒకే చోట, ఒకే బలంతో, సెకనుకొకటి చొప్పున పదిసార్లు తాకించాను. మొదటి తాకుడుకు నొప్పి 2 అంది. పదోదానికి 7. ఆపిన తర్వాత కూడా అరనిమిషం పాటు ఆ చోట మంట ఉందంది. పుల్ల అదే, బలం అదే. లోపల మాత్రం ఎవరో సౌండ్ పెంచుకుంటూ పోయినట్టు ఉంది.

ఇంకో పరీక్ష. మామూలు మనిషి ఒక చెయ్యి ఐసు నీళ్లలో పెడితే, అవతలి చేతి మీద నొక్కిన నొప్పి కాసేపు తక్కువగా తెలుస్తుంది. ఒక నొప్పి వచ్చినప్పుడు మెదడు ఇంకో నొప్పిని అణుస్తుంది. ఈమెలో ఆ తగ్గుదల కనిపించలేదు. పెంచే వైపు చురుగ్గా ఉంది, అణిచే వైపు నీరసంగా ఉంది.

ఒళ్లంతా నొప్పులు నెలల తరబడి వదలని జబ్బును ఫైబ్రోమయాల్జియా అంటారు. 2016లో సవరించిన దాని ప్రమాణాల ప్రకారం చూస్తే 19 చోట్లలో 13 చోట్ల నొప్పి, తీవ్రత 12కి 9. డిప్రెషన్, ఆందోళన ప్రశ్నావళుల్లోనూ స్కోరు ఎక్కువే. రోగ నిర్ధారణ కష్టమేమీ కాలేదు. నొప్పి శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం 2017లో ఇలాంటి నొప్పికి నోసిప్లాస్టిక్ అన్న పేరును అంగీకరించింది. కణజాలానికి దెబ్బ తగిలిన ఆనవాలు లేదు, నరం తెగలేదు, నొప్పిని మోసే వ్యవస్థే మారిపోయింది అని దాని అర్థం.

ఆ రోజే ఇంకొకటి చూశాను. మాట్లాడుతుండగా గాలికి బయటి తలుపు దభాలున పడింది. నేనూ ఉలిక్కిపడ్డాను. రెండు సెకన్లలో నా భుజాలు దిగాయి. ఆమెవి దిగలేదు. చెవుల దాకా లేచిన భుజాలు అలాగే ఉన్నాయి, పిడికిళ్లు బిగిసి ఉన్నాయి. నాలుగైదు నిమిషాల తర్వాత మెడ పట్టుకుని "ఇప్పుడు ఎక్కువైంది మేడం" అంది. తలుపు చప్పుడుకి మెడ నొప్పి పెరిగింది! ఈ వ్యవస్థ ఎప్పటి నుంచి ఇలా కాపలా కాస్తోందో తెలుసుకోవాలనిపించింది.

నా తప్పు

రెండో విజిట్‌లో అడిగాను. చిన్నప్పుడు ఎలా గడిచింది అని. ఆమె ఒక్క గుక్కలో చెప్పింది: ఐదేళ్లకు అమ్మ పోయింది, నాయిన బొంబాయి పోయిండు, మేనమామ ఇంట్ల పెరిగిన. నేను చదివిన పరిశోధనలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "మీ నొప్పికి మూలం అక్కడే ఉండొచ్చు, సైకాలజిస్ట్‌కి కూడా చూపిద్దాం" అనేశాను. ఆమె తలూపింది. కవర్ సర్దుకుని వెళ్లిపోయింది. పది వారాలు రాలేదు.

మాత్రల కోసం భర్త ఒక్కడే వచ్చాడు. మొహమాటంగా నిలబడి, "మేడం, ఆమెకు మెంటల్ ఏమన్న ఉన్నదా? పిచ్చిదాన్నని రాసిన్రు అని ఇంట్ల ఏడుస్తుంది" అన్నాడు.

అంతకుముందు డాక్టర్ "టెన్షన్" అన్నాడు, నేను "చిన్నతనం" అన్నాను. ఆమె చెవికి రెండూ ఒకటే. నీ నొప్పి నొప్పి కాదు అని. నేను నమ్మింది అది కాదు. కానీ చెప్పిన తీరు, చెప్పిన సమయం అదే అర్థాన్నిచ్చాయి. ఆ సాయంత్రం ఫోన్ చేసి క్షమించమన్నాను. తర్వాతి వారం వచ్చింది.

ఈసారి కారణాల జోలికి పోలేదు. ముందు నొప్పి ఎలా పనిచేస్తుందో చెప్పాను. "పక్క అపార్ట్‌మెంట్‌లో ఒక వాచ్‌మన్ ఉన్నాడనుకోండి. పనిలో చేరిన కొత్తలోనే రెండుసార్లు దొంగలు పడ్డారు. అప్పటి నుంచి పిల్లి గోడ దూకినా విజిల్ వేస్తాడు. విజిల్ నిజం. నిద్రలేచిన మీ గుండెదడ నిజం. దొంగ మాత్రం లేడు. మనం తొమ్మిదేళ్లుగా మీ నడుంలో, గర్భసంచిలో దొంగ కోసం వెతుకుతున్నాం."

కాసేపు ఆలోచించి ఆమె అంది: "పాము కుట్టినోడు తాడును చూసినా ఉరుకుతడు. గంతే గద మేడం?"

నా వాచ్‌మన్ కథ కంటే అది మేలైన మాట. అప్పటి నుంచి మిగతా పేషెంట్లకూ అదే చెబుతున్నాను.

ఆమె చెప్పింది

మిగతాది మూడు నాలుగు విజిట్లలో, నేను అడగకుండానే వచ్చింది. రాత్రి మేనమామ తాగి వచ్చేవాడు. తలుపు గడియ తీసే చప్పుడు బట్టి ఆ రోజు దెబ్బలు ఉంటాయో లేదో తెలిసేదట. "మెల్లగ తీస్తే పండుకునేటోళ్లం. గట్టిగ గుంజితే లేచి కూసునేటోళ్లం." ఏడేళ్లప్పుడు అన్నం గంజి వంచుతుంటే గిన్నె జారి తొడ మీద పడింది. మూడు వారాల పాటు దవాఖానకు కట్టు మార్పించుకోవడానికి వెళ్లింది. పాత గాజుగుడ్డ పుండుకు అతుక్కుపోయేది. పొడిగా ఉండగానే పీకేవాళ్లు. "ఏడిస్తే కట్టు కట్టం, ఇట్లనే పంపుతం అనేటోళ్లు. ఏడుపు మింగుడు అప్పుడే నేర్చుకున్న." అత్త బయట బెంచీ మీద కూర్చునేది.

తొమ్మిదేళ్లకు హాస్టల్లో వేశారు. హాస్టల్ కష్టాలేవో చెబుతుందనుకున్నాను. "ఆడనే మంచిగ నిద్రపోయిన మేడం" అంది.

గాజుగుడ్డ సంగతి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పీజీ చదివే రోజుల్లో కాలిన పిల్లల వార్డులో నేనూ డ్యూటీ చేశాను. మందు చాలక, మనుషులు చాలక, కట్టు విప్పేటప్పుడు పిల్లలు కదలకుండా చేతులు పట్టుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. హైదరాబాద్‌లో మత్తు వైద్యం చదివినవాళ్లందరం గర్వంగా చెప్పుకునే చరిత్ర ఒకటుంది. 1888లో, 1889లో ఇక్కడే, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో, ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. మత్తులో ప్రాణం పోయేది ముందు శ్వాస ఆగడం వల్లనా, గుండె ఆగడం వల్లనా అని తేల్చడానికి వందల కొద్దీ ప్రయోగాలు చేశారు. మహిళా మత్తు వైద్యుల్లో తొలితరం మనిషిగా పేరున్న రూపాబాయి ఫర్దూంజీ కూడా ఈ ఊరి డాక్టరే. అంత చరిత్ర ఉన్న ఊళ్లో చదివి, ఒక గాజుగుడ్డను సెలైన్‌తో తడిపి తీయాలని పట్టుబట్టలేకపోయిన రోజులు నాకూ ఉన్నాయి.

పసిపిల్లల నొప్పిని వైద్యలోకం ఆలస్యంగానే ఒప్పుకుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు నొప్పి అంతగా తెలియదన్న నమ్మకంతో నామమాత్రపు మత్తుతో ఆపరేషన్లు చేసిన కాలం ఉంది. 1987లో ఆనంద్, హికీ రాసిన వ్యాసం ఆ నమ్మకాన్ని గట్టిగా కదిలించింది. 1997లో టొరంటోలో ఆనా టాడియో బృందం 87 మంది మగశిశువులను టీకా వేసే సమయంలో గమనించింది. పుట్టగానే సున్తీ అయిన బిడ్డలు నాలుగు, ఆరు నెలల వయసులో టీకా సూదికి మిగతావాళ్ల కంటే ఎక్కువగా ఏడ్చారు. సున్తీకి ముందు మత్తు క్రీమ్ రాసిన బిడ్డల స్పందన మధ్యస్థంగా ఉంది. ఆ బిడ్డలకు జ్ఞాపకం లేదు. వాళ్ల నరాలకు ఉంది.

లోపల ఏం జరుగుతుంది

లండన్‌లో మరియా ఫిట్జెరాల్డ్ బృందం ఎలుకల మీద చేసిన పని నాకు దీన్ని బాగా అర్థం చేయించింది. పుట్టిన తొలి రోజుల్లో పాదానికి కోత పడిన ఎలుకపిల్లలు పైకి మామూలుగానే పెరుగుతాయి. పెద్దయ్యాక అదే పాదానికి మళ్లీ కోత పడితే, నొప్పి మిగతావాటి కంటే ఎక్కువగా, ఎక్కువ రోజులు ఉంటుంది. వెన్నుపాములో మైక్రోగ్లియా అనే కాపలా కణాలు మొదటి దెబ్బకే సిద్ధమై కూర్చుని, రెండో దెబ్బకు రెచ్చిపోతాయి. ఈమెకు ముప్పై ఏళ్ల దాకా ఏమీ లేకుండా, పొత్తికడుపు నొప్పి తర్వాతే ఒళ్లంతా ఎందుకు రాజుకుంది అన్నదానికి ఇలాంటి వివరణ ఒకటి సరిపోతుంది.

వెన్నుపాములో నొప్పి సంకేతాలు పదే పదే వస్తే అక్కడి కణాలు తేలిగ్గా మండే స్థితికి చేరతాయని క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో చూపించాడు. మెదడు కాండం నుంచి కిందికి దిగే దారులు ఆ సంకేతాలను అణచగలవు, పెంచగలవు కూడా. ప్రమాదం ఉందని మెదడు అనుకుంటే పెంచుతుంది. చిన్నప్పటి నుంచి గడియ చప్పుడు వింటూ పెరిగిన మెదడు ప్రమాదం ఉందనే అనుకుంటుంది.

ఒత్తిడి హార్మోన్ల సంగతి ఇంకొకటి. మెదడులోని హైపోథాలమస్, పిట్యూటరీ, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కలిసి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను నడిపిస్తాయి. పని అయిపోయాక ఆ కార్టిసాలే మెదడుకు "ఇక చాలు" అని చెప్పాలి. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం 2004లో ప్రచురించిన ఎలుకల అధ్యయనం ప్రకారం, తల్లి బాగా నాకి, నిమిరి పెంచిన పిల్లల్లో కార్టిసాల్ మాట వినే గ్రాహకాలు మెదడులో ఎక్కువగా తయారవుతాయి. తల్లి పట్టించుకోని పిల్లల్లో ఆ గ్రాహకాలను తయారుచేసే జన్యువు మీద రసాయన ముద్ర పడి, గ్రాహకాలు తగ్గుతాయి. మనుషుల్లో ఇది ఇంత సూటిగా ఉండదు. చిన్నప్పుడు కష్టపడినవాళ్లలో కొందరికి కార్టిసాల్ ఎక్కువగా ఉంటే, కొందరిలో మందకొడిగా ఉంటుంది.

మనుషుల మీద జరిగిన అధ్యయనాల్లో అందరూ చెప్పేది శాన్‌డియాగోలో ఫెలిటీ, ఆండా చేసిన సర్వే. 17,000 మందికి పైగా పాల్గొన్నారు, మొదటి వ్యాసం 1998లో వచ్చింది. చిన్ననాటి కష్టాలు ఎన్ని రకాలుగా ఉంటే పెద్దయ్యాక రోగాలు అంత ఎక్కువగా కనిపించాయి. నొప్పి విషయంలో నేను ఎక్కువ నమ్మేది బ్రిటన్ వాళ్లది. 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టినవాళ్లను జీవితాంతం అనుసరిస్తున్న అధ్యయనం అది. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నవాళ్లలో, సంరక్షణ కేంద్రాల్లో పెరిగినవాళ్లలో, ఇంట్లో డబ్బుకు ఇబ్బంది పడినవాళ్లలో 45 ఏళ్ల వయసుకు ఒళ్లంతా నొప్పులు ఎక్కువగా కనిపించాయి. ఆ కష్టాలను అప్పుడే నమోదు చేశారు. నొప్పి వచ్చాక గుర్తుతెచ్చుకుని చెప్పినవి కావు.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా చెప్పకపోతే అన్యాయం. 2001లో అమెరికాలో రాఫెల్, విడమ్ బృందం, బాల్యంలో హింసకు గురైనట్టు కోర్టు రికార్డుల్లో ఉన్న పిల్లలను పెద్దయ్యాక చూస్తే, వాళ్లలో నొప్పులు మిగతావాళ్ల కంటే ఎక్కువగా లేవు. పెద్దయ్యాక తమంతట తాము గుర్తుచేసుకుని చెప్పినవాళ్లలో మాత్రం ఎక్కువగా ఉన్నాయి. ల్యాబుల్లో వేడి, ఒత్తిడి పెట్టి చూసిన ప్రయోగాల ఫలితాలు కూడా అన్నీ ఒకవైపే లేవు. శాన్‌డియాగో సర్వే చేసిన ఆండాయే 2020లో హెచ్చరించాడు, చిన్ననాటి కష్టాలు ఎన్ని రకాలో లెక్కపెట్టి వేసే ఆ స్కోరు సమాజాన్ని అర్థం చేసుకోవడానికే గాని ఒక్క మనిషి భవిష్యత్తు తేల్చడానికి కాదని. అందుకే నేను క్లినిక్‌లో ఆ స్కోరు వేయను. తల్లి లేకుండా పెరిగి ఏ నొప్పీ లేనివాళ్లు వేలమంది. ముద్దుగా పెరిగి ఫైబ్రోమయాల్జియా వచ్చినవాళ్లనూ చూశాను. బాల్యం ఒక మొగ్గు ఇస్తుంది. ఆ మొగ్గు తెలిస్తే వైద్యం మారుతుందా అన్నదే నాకు ముఖ్యం. ఈమెలో మారింది.

వైద్యం

ట్రమడాల్ ఆరు వారాల్లో మెల్లగా ఆపాం. డైక్లోఫెనాక్ మాన్పించాను. అదృష్టవశాత్తూ కిడ్నీలు బాగానే ఉన్నాయి. రాత్రి ఎనిమిదిన్నరకు, నొప్పికీ నిద్రకూ పనికొచ్చే అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు ఇచ్చాను. మూడు వారాల్లో నిద్ర ఐదున్నర గంటలకు వచ్చింది. 25కి పెంచితే పొద్దున మత్తుగా ఉండి మిషన్ సూది వేలి మీదికి వచ్చింది, మళ్లీ 10కి దించాను. తర్వాత డిప్రెషన్ కూడా చూసుకుని దాన్ని ఆపి, నొప్పికీ డిప్రెషన్‌కీ వాడే డులాక్సెటిన్ 30 మొదలుపెట్టాం. మొదటి వారం వాంతి వచ్చినట్టు ఉండేది, సర్దుకుంది. నెల తర్వాత 60. మందుల కథ ఇంతే. ఇవి తోడు మాత్రమే.

ఫిజియోథెరపిస్ట్ "మీకు ఏం చేయగలిగితే సంతోషం?" అని అడిగితే, "బాబిన్ కింద పడితే నేనే తీసుకోవాలె" అంది. అదే లక్ష్యంగా పెట్టుకున్నాం. ముందు కుర్చీలో కూర్చుని మోకాళ్ల దాకా వంగడం, తర్వాత పీట మీద పెట్టిన బాబిన్, తర్వాత రెండు పుస్తకాల ఎత్తు, ఒక పుస్తకం, నేల. బెల్టు రోజుకు అరగంట చొప్పున తగ్గించాం. వంగితే కాళ్లు పడిపోతాయన్న మాట ఒళ్లు మర్చిపోవడానికి ఏడు వారాలు పట్టింది. ఏడో వారం బాబిన్ నేల మీది నుంచి తీసి, లేచి నిలబడి, కాళ్ల వైపు చూసుకుందట.

నడక ఆరు నిమిషాలతో మొదలైంది, బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కులో. బాగున్న రోజూ ఆరే, బాగాలేని రోజూ ఆరే. ఇది ఒప్పించడమే కష్టమైంది. మన ఆడవాళ్లకు ఒక రోజు ఒళ్లు తేలిగ్గా ఉంటే చాలు, వారం పని ఆ ఒక్క రోజే చేసేసి, మూడు రోజులు మంచం పడతారు. వారానికి ఒక నిమిషం పెంచుకుంటూ వెళ్లాం. ఫైబ్రోమయాల్జియాకు యూరప్ రుమటాలజీ సంఘం 2017లో ప్రచురించిన సూచనల్లో గట్టిగా సిఫార్సు చేసింది వ్యాయామం ఒక్కదాన్నే.

సైకాలజిస్ట్ దగ్గరికి తనంతట తానే అడిగి వెళ్లింది, ఐదో నెలలో. తొమ్మిది సార్లు కూర్చుంది. అక్కడ తేలిన ఒక సంగతి వల్ల ఇంట్లో చిన్న మార్పు జరిగింది. భర్త రాత్రి షిఫ్టు నుంచి పదకొండింటికి వస్తాడు. గడియ చప్పుడుకి ఈమె ఒళ్లంతా బిగుసుకుపోతుంది. పదిహేనేళ్ల కాపురంలో అతనికి ఆ విషయం తెలియదు. ఆమెకే సరిగా తెలియదు. విన్నాక అతను గడియకు నూనె వేశాడు. ఇప్పుడు తలుపు ముట్టుకునే ముందు బయటి నుంచే "నేనే" అంటాడట. ఏ మాత్రా చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది.

పద్నాలుగు నెలల తర్వాత

నొప్పి సగటున 8 నుంచి 5కి వచ్చింది. సున్నా కాలేదు, అవుతుందని నేను ఎప్పుడూ చెప్పలేదు. నిద్ర ఆరు గంటలు. నడక 25 నిమిషాలు. బీపీ పట్టీ ఇప్పుడు 140 దాకా ఓర్చుకుంటుంది. పుల్ల పరీక్షలో పదో తాకుడుకు 7 అన్నది 4 అంటోంది. రెండుసార్లు గట్టిగా తిరగబెట్టింది. మొదటిసారి బోనాలప్పుడు, గంటల తరబడి నిలబడ్డాక. రెండోసారి మేనమామ చనిపోయినప్పుడు. ఊరికి వెళ్లొచ్చి నాలుగు రోజులు లేవలేకపోయింది. "ఏడుపు రాలే మేడం. నడుము మాత్రం విరిగినట్టే అయింది." మన భాషలో చెయ్యి నొచ్చినా నొచ్చిందే, మనసు నొచ్చినా నొచ్చిందే. ఆ నాలుగు రోజులు మందు డోసు పెంచలేదు. రోజూ ఫోన్‌లో మాట్లాడాను, ఆరు నిమిషాల నడకతో మళ్లీ మొదలుపెట్టించాను.

పన్నెండో నెలలో ఒకసారి, లేచి వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగింది. "నా బిడ్డకు గూడ నా లెక్కనే అయితదా?" కూతురికి పరీక్షల రోజు కడుపునొప్పి వస్తుంది. ఆమెకు అది తన పొత్తికడుపు నొప్పిలాగే కనిపించింది.

మెక్‌గిల్ ఎలుకల గురించి చెప్పాను. పట్టించుకోని తల్లికి పుట్టిన పిల్లల్ని తెచ్చి, బాగా నిమిరే తల్లి దగ్గర పెంచితే, అవి నిమిరిన తల్లి పిల్లల్లాగే స్థిమితంగా పెరిగాయి. పుట్టుక కంటే పెంపకమే ఎక్కువ పనిచేసింది. శ్రద్ధగా విన్నది. చాలాసేపటికి అంది: "దానికి దెబ్బ తాకితే నేను 'ఏడ్వకు, ఏం కాలే' అంట మేడం. అట్ల అనొద్దా?"

"ఏడవనివ్వండి. పక్కన కూర్చోండి చాలు" అన్నాను.

పోయిన నెల కూతురు సైకిల్ మీద నుంచి పడి మోకాలు చీరుకుపోయింది. వీధి చివరి క్లినిక్‌లో కుట్లు వేశారు. రెండో రోజు కట్టు విప్పబోతుంటే ఈమె కంపౌండర్ చెయ్యి ఆపి, ముందు సెలైన్‌తో తడపమని చెప్పిందట. గాజుగుడ్డ అతుక్కుని ఉందేమో చూడమందట.

తడిపారా అని అడిగాను.

"తడిపిన్రు మేడం. అయిన కొద్దిగ ఏడ్చింది. ఏడ్వనిచ్చిన."